రైలు లేని కట్ట

"కట్టమీద నడిచి బడికి వెళ్లేవాళ్లం" అని మా అమ్మ చెప్పినప్పుడల్లా అది ఏ కాలువగట్టో అనుకునేదాన్ని. అది రైలుకట్ట అనీ, దానిమీద రైలు మాత్రం ఉండేది కాదనీ నాకు కిందటి ఏడాది తెలిసింది. అదీ అమెరికా నుంచి ఫోను చేసినప్పుడు.

మా అబ్బాయి ఉద్యోగం మిస్సోరి రాష్ట్రంలో, సెయింట్ లూయిస్ దగ్గర. ఒక ఆదివారం నన్ను సెయింట్ చార్లెస్ అనే ఊరికి తీసుకువెళ్లి అద్దె సైకిలు చేతికిచ్చాడు. "తొక్కమ్మా, ఇక్కడ ఎత్తు లేదు, లారీ రాదు" అన్నాడు. అది కేటీ ట్రెయిల్. మిస్సోరి, కాన్సస్, టెక్సస్ పేర్లతో నడిచిన రైలు కంపెనీ పొడి అక్షరాల్లో చివరి రెండూ కె, టి. వాటినే జనం కేటీ అని పిలుచుకున్నారు. 1986లో ఆ దారిలో రైళ్లు ఆగిపోయాయి. పట్టాలు తీసేసి, సున్నపురాయిని పొడిచేసి పరిచారు. టెడ్ జోన్స్ అనే దాత 22 లక్షల డాలర్లు ఇచ్చాడు. 1990లో రోష్‌పోర్ట్ దగ్గర మొదటి భాగం తెరిచారు. ఇప్పుడు ఆ బాట పొడవు 240 మైళ్లు, అంటే సుమారు 386 కిలోమీటర్లు. నడిచేవాళ్లు, సైకిళ్లవాళ్లు, కొన్నిచోట్ల గుర్రాలవాళ్లు, అందరిదీ అదే బాట. ఒక పక్క మిస్సోరి నది, ఇంకో పక్క మొక్కజొన్న చేలు. రైలు నిటారు ఎత్తులు ఎక్కలేదు కనుక ఆ దారికి ఎత్తుపల్లాలు పెద్దగా తెలియవు. మోకాళ్ల నొప్పులున్న నేను కూడా ఆ రోజు 20 కిలోమీటర్లు తొక్కాను.

ఆ రాత్రి అమ్మకు ఇదంతా చెప్పాను. ఆమె విని, "మా కట్టలాంటిదేనన్నమాట" అంది. ఏ కట్ట అని అడిగితే అప్పుడు చెప్పింది. కాకినాడ నుంచి కోటిపల్లికి వేసిన రైలుమార్గం పట్టాలను రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1940లో, పీకి తీసుకుపోయారు. కట్ట మిగిలింది. అమ్మ 1946లో పుట్టింది. కుండూరు పక్క పల్లె నుంచి ద్రాక్షారామం బడికి ఆ కట్టమీదే నడిచింది.

ఆ కట్టను చూడాలని ఈ కార్తీకంలో మా తమ్ముడూ నేనూ బయలుదేరాం. వాడికి యాభై నాలుగు, నాకు యాభై ఎనిమిది. పాత సైకిళ్లు రెండు వాడే బాగుచేయించాడు. చైన్లు, బ్రేకులు, ఒక కొత్త టైరు కలిపి 1,450 రూపాయలు అయింది. ఈ నాలుగు రోజుల ఖర్చుల్లో అదే పెద్దది.

నవంబరు 14, శుక్రవారం: రాజమహేంద్రవరం, కొవ్వూరు

తెల్లవారుజామున పుష్కరఘాట్ మెట్లమీద కాలు మోపే చోటు లేదు. స్నానం చేసి తడిబట్టలతోనే అరటిదొప్పల్లో దీపాలు వదులుతున్నారు. దొప్ప వదిలిన ప్రతి మనిషీ అది ఆరిపోకుండా ఎంతదూరం వెళుతుందో చూస్తూ నిలబడుతున్నారు. వెనక నిలబడినవాళ్లు తొందరపెట్టడం లేదు. ఎవరి దీపం వాళ్లు చూసుకునే సమయం అందరికీ దొరుకుతోంది.

అక్కడి నుంచి చూస్తే రెండు వంతెనలు పక్కపక్కనే కనిపిస్తాయి. విల్లులు వంచినట్టు కమానులతో ఉన్నది 1997లో వచ్చిన కొత్త రైలు వంతెన. దాని పక్కన రాతి స్తంభాల మీద తుప్పు పట్టిన ఇనుప దూలాలతో ఉన్నది హేవలాక్ వంతెన. 1897 నవంబరులో మొదలుపెట్టి 1900 ఆగస్టులో తెరిచారు. వాల్టన్ అనే ఇంజనీరు పర్యవేక్షించాడు. స్తంభాల మధ్య ఒక్కొక్కటి 150 అడుగుల ఖానాలు 56. అది రాకముందు అటు రైలు అటు గట్టుమీద, ఇటు రైలు ఇటు గట్టుమీద ఆగేవి. మధ్యలో గోదావరిని పడవల మీద దాటించేవారు. తొంభై ఏడేళ్లు రైళ్లను మోసి, పక్కన కొత్తది రాగానే అది ఖాళీ అయింది.

వంతెన మొదట్లో గేటు వేసి ఉంది. కాపలా ఉన్న పెద్దాయన కుర్చీలోంచి లేచి, "పైకి వెళ్లడానికి లేదమ్మా" అన్నాడు. మేము వెనక్కి తిరగకపోవడం చూసి, గేటు దాకా రానిచ్చాడు. కమ్మీల మధ్య నుంచి చూశాను. దూలాలు ఒకదాని వెనక ఒకటి చిన్నవైపోతూ అవతలి గట్టు పొగమంచులో కలిసిపోతున్నాయి. "ఎవరైనా అడుగుతారా ఇలా?" అని తమ్ముడు అడిగాడు. "రోజూ అడుగుతారండి. పొద్దున్నే నడిచేవాళ్లు అడుగుతారు. పెళ్లి ఫోటోలకు వచ్చేవాళ్లు అడుగుతారు. అవతలి గట్టుకు పనికోసం వెళ్లేవాళ్లు ఎక్కువ అడుగుతారు." ఆ చివరి మాట నేను మనసులో పెట్టుకున్నాను.

2025 జూన్ 26న ఇక్కడే అఖండ గోదావరి ప్రాజెక్టుకు శంకుస్థాపన జరిగింది. మొత్తం 94.44 కోట్ల రూపాయలు, అందులో ఈ వంతెనను సందర్శకులకోసం తీర్చిదిద్దడం ఒక భాగం. ఇన్నేళ్లకు ఎవరో దీని గురించి ఆలోచించినందుకు నాకు నిజంగా సంతోషం.

పెసరట్టు, అల్లప్పచ్చడి, కాఫీ ఇద్దరికీ 150 రూపాయలు. పెసరట్టు అంచు కరకరలాడుతూ, మధ్యలో మెత్తగా, జీలకర్ర పంటికి తగిలేటట్టు ఉంది. మెయిన్ రోడ్డులో రోజ్ మిల్కు తాగకుండా ఈ ఊరు దాటడం మా ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు. పదిన్నరకే ఆ ఇరుకు దుకాణం ముందు జనం. గ్లాసు చేతికి రాగానే మాట్లాడటం ఆపేసి తాగుతారు. గ్లాసు కింద పెట్టాక మళ్లీ మాట మొదలవుతుంది.

కొవ్వూరు వెళ్లాలంటే మాకు మిగిలింది రోడ్డు, రైలు కలిసి ఉన్న వంతెన. 1974 నాటిది, నాలుగు కిలోమీటర్లకు కొంచెం పైన. పైన రోడ్డు, కింద రైలు. మేము మధ్యలో ఉండగా కింద నుంచి గూడ్సు బండి వెళ్లింది. హ్యాండిలు చేతుల్లో వణికింది. వెనక నుంచి బస్సు హారన్, ఎదురుగా ఇసుక లారీ. నేను దిగి నడిపించుకుంటూ వెళ్లాను. గోదావరి మీద నాలుగు కిలోమీటర్లు ప్రయాణించి నదిని ఒక్కసారి కూడా తలెత్తి చూడలేకపోయాను.

కొవ్వూరులో గోష్పాద క్షేత్రం దగ్గర ఒక టిఫిను బండి. పునుగులు వేస్తున్నావిడకు నలభై ఉంటాయి. నా ముఖం చూసి ముందు మంచినీళ్లు ఇచ్చింది, తరవాత ఏం కావాలని అడిగింది. సైకిళ్ల మీద వచ్చామంటే, "మా ఆయన కూడా రోజూ అలాగే వెళతారండి" అంది. రాజమహేంద్రవరంలో బట్టల దుకాణంలో పని. పొద్దున తొమ్మిదికి వెళ్లి రాత్రి తొమ్మిదిన్నరకు వస్తాడు. "వర్షం పడిన రోజు ఫోను చేతిలోనే పట్టుకుని గుమ్మంలో నిలబడతాను. ఆ పాత వంతెన మీద సైకిలు వదిలితే నాకు ఆ భయం ఉండదు. అక్కడ లారీ రాదు కదండీ." మా అబ్బాయి సెయింట్ చార్లెస్‌లో అన్నదీ ఆ మాటే. పునుగులు పన్నెండు 40 రూపాయలు. కొబ్బరి పచ్చడి మళ్లీ మళ్లీ వేసింది, దానికి లెక్క లేదు.

ఆవిడ మాట విన్నాక నాకు ఒక కోరిక గట్టిపడింది. వంతెన మీద దీపాలు పెట్టండి, పిల్లలకు ఆటలు పెట్టండి, సంతోషం. కానీ ఒక వారగా ఆరడుగులు మాత్రం పనికి వెళ్లే సైకిలుకు, నడిచే మనిషికి, టిక్కెట్టు లేకుండా వదలండి. కేటీ బాటమీద ఎక్కడా నన్ను టిక్కెట్టు అడగలేదు. 56 ఖానాలు కట్టింది ఈ గట్టునుంచి ఆ గట్టుకు మనుషులను చేర్చడానికి. అది మళ్లీ చేర్చాలి. సగం దూరం వెళ్లి ఫోటో తీసుకుని వెనక్కి వచ్చే చోటుగా మిగిలిపోకూడదు.

నవంబరు 15, శనివారం: విజ్జేశ్వరం, కడియం, మండపేట

పొద్దున్నే ఏటిగట్టు పట్టుకుని విజ్జేశ్వరం దాకా. కాటన్ 1847 నుంచి 1852 దాకా కట్టించిన ఆనకట్ట నాలుగు ముక్కలు: ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం. మధ్యలో లంకలు. ఇప్పుడు తలుపులున్న కొత్త బ్యారేజీ 1982లో పూర్తయింది. దానిమీద వాహనాలు ఉన్నా నిన్నటి వంతెనంత భయం లేదు. ఎడమ పక్క నిండు నీరు, కుడి పక్క ఇసుక తిన్నెలు, తలుపుల దగ్గర కొంగలు బారులు తీరి చేపలకోసం చూస్తున్నాయి. మేము నాలుగుసార్లు ఆగాం.

ధవళేశ్వరం నుంచి కాలువగట్టు. ఈ కాలువలు చేలకు నీళ్లతోపాటు పడవలను కూడా మోశాయి. గాలి లేనప్పుడు మనుషులు గట్టుమీద నడుస్తూ పడవను తాడుతో లాగేవారు. ఆ పాదాలు తొక్కిన గట్టుమీదే ఇప్పుడు మా టైర్లు. డెల్టాలో నడిచేదారి అంటే ఎప్పుడూ ఏదో ఒక కట్టే: ఏటిగట్టు, కాలువగట్టు, చేనుగట్టు, రైలుకట్ట. మిగిలినదంతా నీళ్లూ బురదా.

కడియం దగ్గర దారి తప్పాం. తమ్ముడు ఫోను చూసి చెప్పిన సందు మొదట రోడ్డులాగే ఉంది, తరవాత బాటలాగా, ఆ తరవాత గులాబీ కుండీల వరసల మధ్య ఒక మనిషి పట్టే సందులాగా మారింది. చివరికి ఒక నర్సరీలో, మట్టి కలుపుతున్న నలుగురు ఆడవాళ్ల మధ్యకు వచ్చి ఆగాం. వాళ్లు నవ్వలేదు, విసుక్కోలేదు. ఒకామె చేతులు కడుక్కుని వచ్చి, "కూర్చోండి అక్కగారూ, టీ తాగి వెళ్లండి. ఈ దారిన వచ్చినవాళ్లందరూ ఇక్కడికే చేరతారు" అంది. సంచుల్లో మట్టి నింపే వేగం చూసి నాకు మాట రాలేదు. ఎడమ చేత్తో సంచి తెరవడం, కుడి చేత్తో మట్టి, బొటనవేలితో మొక్క, రెండు నొక్కులు, పక్కన పెట్టడం. నేను టీ తాగేలోపు ఒక వరస పూర్తయింది. తుపానుకు పైకప్పు వలలు చిరిగాయని, వారం రోజులు పని లేదని చెప్పింది. అమ్మకోసం ఒక నందివర్ధనం మొక్క తీసుకున్నాను, 40 రూపాయలు. టీకి డబ్బు ఇవ్వబోతే చేయి వెనక్కి తీసుకుంది. ఆ మొక్క మిగిలిన దారంతా నా హ్యాండిలుకు వేలాడుతూ వచ్చింది.

అక్టోబరు 28 రాత్రి తీరం దాటిన మొంథా తుపాను గుర్తులు దారిపొడవునా ఉన్నాయి. కోతకు వస్తున్న వరి నేలకు ఒరిగింది. భార్యాభర్తలు ఎదురెదురుగా వంగి, నాలుగైదు దుబ్బులు కలిపి లేపి కట్టలు కడుతున్నారు. ఎకరం లేపడానికి ఎన్ని రోజులు పడుతుందని అడగాలనిపించింది. వాళ్ల నడుములు చూశాక అడగలేకపోయాను.

మండపేట చేరేసరికి రెండు దాటింది. మోకాళ్లు ఇక చాలన్నాయి. పక్కనే ఉన్న తాపేశ్వరంలో మడతకాజా కొన్నాం. పైన పెళుసు, లోపల పొరపొరకూ పాకం. కొరికితే చుక్క బయటికి రాకుండా తినడం ఒక నేర్పు. అక్కడి నుంచి ద్రాక్షారామానికి సైకిళ్లను ట్రాలీ ఆటోలో వేశాం, 600 రూపాయలు. ఎక్కువే. కానీ డ్రైవరు కుర్రవాడు సైకిళ్ల మధ్య గోనెసంచి మడిచి పెట్టి, మొక్కను తన సీటు పక్కన నిలబెట్టుకున్నాడు.

రాత్రి అమ్మతో ఫోను. "కుండూరు దాటాక తూము ఉంటుంది చూడు. ఇటుకలమీద మా పేర్లు గీసేవాళ్లం. వానాకాలం దాని కింద నీళ్లు సుళ్లు తిరుగుతుంటే నేను కళ్లు మూసుకుని దాటేదాన్ని, మా అన్నయ్య చేయి పట్టుకునేవాడు" అంది.

నవంబరు 16, ఆదివారం: ద్రాక్షారామం, కుండూరు

ఇక్కడ రైలు కథ కాస్త చెప్పాలి. కాకినాడ నుంచి కోటిపల్లికి 45 కిలోమీటర్లు. రామచంద్రపురం, ద్రాక్షారామం, కుండూరు, గంగవరం మీదుగా గౌతమి రేవు దాకా వస్తుంది. 1940లో పోయిన పట్టాలు మళ్లీ వచ్చింది 2004లో. అమలాపురం నుంచి లోక్‌సభకు వెళ్లి స్పీకరు అయిన జి.ఎం.సి. బాలయోగి కోనసీమకు రైలు కావాలని పట్టుబట్టినవారిలో ముఖ్యుడు. 2002 మార్చిలో హెలికాప్టరు ప్రమాదంలో పోయాడు. కోటిపల్లికి రైలుబస్సు వచ్చిన రోజు చూడలేదు.

అంటే ఆ కట్ట అరవై నాలుగేళ్లు రైలు లేకుండా ఉంది. అమెరికాలో నేను చూసిన బాటకు ఇంకా నలభై ఏళ్లు నిండలేదు.

మేము పట్టాల మీద నడవలేదు, అది నేరం కూడా. కట్ట కిందుగా, చేలను ఆనుకుని ఉన్న కాలిబాట పట్టుకున్నాం. సైకిళ్లు ద్రాక్షారామంలోనే వదిలేశాం. మేము ఉన్నంతసేపూ బండి ఏదీ రాలేదు. కుండూరులో రైలుస్టేషనుకు దగ్గరగా ఒక అరుగుమీద పెద్దాయన ఒకరు తాటాకు చీలుస్తూ కూర్చున్నారు. వయసు ఎనభై నాలుగు. అమ్మ పుట్టింటి పేరు చెప్పగానే ఆకు పక్కన పెట్టేసి, లోపలికి కేకవేసి మజ్జిగ తెప్పించారు.

"నేను పుట్టేటప్పటికే పట్టాలు లేవమ్మా. యుద్ధానికి పట్టుకుపోయారని మా నాన్న చెప్పేవాడు. కట్టమాత్రం మాదే. ఎవరికి రాసివ్వకపోయినా మాదే. బడిపిల్లలు, ఎడ్లు, ధాన్యం బస్తాలు, పెళ్లివారు, అన్నీ దానిమీదే. ఊరి రోడ్డు బురదై మోకాలు దాకా దిగిపోతే కట్టమీద చెప్పుకు తడి అంటేది కాదు." కొందరు అంచులు దున్నుకున్నారని, ఒకటి రెండు చోట్ల పాకలు కూడా వేశారని దాచకుండా చెప్పారు. 1986 ఆగస్టులో గోదావరికి పెద్ద వరద వచ్చినప్పుడు, నీళ్లు వస్తాయన్న భయంతో ఊళ్లో పశువులన్నింటినీ కట్ట ఎక్కించి మూడు రాత్రులు కాపలా కాశారట.

1986 అనగానే నాకు ఒళ్లు జలదరించింది. కేటీ మార్గంలో రైళ్లు ఆగింది ఆ ఏడాదే. అక్టోబరులో మిస్సోరి నదికి వచ్చిన వరద ఆ పట్టాలను దెబ్బతీసింది. అక్కడ వరద ఒక రైలుదారిని బాటగా మార్చింది. రెండు నెలల ముందు ఇక్కడ, అంతకుముందే బాటగా మారిన రైలుదారి పశువులను కాపాడింది.

ఇంకో సంగతి ఆయనకు చెప్పాను. 1983లో అమెరికా తన జాతీయ బాటల చట్టానికి ఒక సవరణ చేసింది. రైలు మానేసిన దారిని ముక్కలుగా అమ్మివేయకుండా నడకబాటగా ఉంచవచ్చు, రేపు అవసరమైతే మళ్లీ పట్టాలు వేయవచ్చు. ఆయన శ్రద్ధగా విని, "మేమూ అదే చేశాం కదమ్మా" అన్నారు. నిజమే. చట్టం లేదు, బోర్డు లేదు, దాత లేడు. నడిచే కాళ్లు ఆగలేదు కనుక కట్ట పూర్తిగా చేలల్లో కలిసిపోలేదు. రైలు మళ్లీ రావాలనుకున్నప్పుడు దానికి చోటు దొరికింది. మనవాళ్లు ఆ అరవై నాలుగేళ్ల నడకను ఎక్కడా రాసిపెట్టలేదు. నాకు దానిమీద కోపంగానే ఉంది. అందుకే ఇది రాస్తున్నాను.

ఆయన మనవడు మాతో తూము చూపించడానికి వచ్చాడు. కొత్త మార్గానికి కట్టిన కాంక్రీటు తూము బలంగా, బూడిదరంగులో ఉంది. దానికి పది గజాల పక్కన గడ్డి తొలగిస్తే పాత ఇటుక కట్టడం ముక్క, సగం విరిగిన కమాను కనిపించింది. సున్నం ఇంకా గట్టిగానే ఉంది. తమ్ముడు నీళ్లసీసా వంచి ఇటుకలు కడిగాడు. పేర్లు లేవు. గీతలు ఉన్నాయి, అవి ఎవరు గీసినవో, ఏ పశువు కొమ్ము గీసిందో చెప్పలేం. ఫోటోలు తీసుకున్నాం.

పెద్దాయన మమ్మల్ని భోజనం చేయకుండా వెళ్లనివ్వలేదు. ఆదివారం కనుక వీధివాళ్లందరూ కొబ్బరితోటలో వనభోజనాలు పెట్టుకున్నారు. ఉసిరిచెట్టు కింద పూజ అయ్యాక అరిటాకులు వేశారు. పులిహోర, కందబచ్చలి కూర, గుమ్మడికాయ దప్పళం, పెరుగు వడ, చక్రకేళి అరటిపండు. కందబచ్చలిలో ఆవ ఘాటు ముక్కుదాకా వచ్చింది. దప్పళం మూడోసారి అడిగాను. వడ్డించే అమ్మాయి గరిటెతో పోయకుండా గిన్నెనే వంచింది. తోటలో నాలుగు కొబ్బరిచెట్లు తుపానుకు వేళ్లతో లేచి పడిపోయి ఉన్నాయి. వాటి బోదెలమీద పిల్లలు వరసగా కూర్చుని తింటున్నారు. చందా ఇస్తామంటే, "మీ అమ్మగారు ఈ ఊరి ఆడపడుచు, చందా ఏమిటి" అన్నారు. నాకు ఇచ్చిన తాంబూలంలో జాకెట్టుగుడ్డ ఒకటి కాదు, రెండు పెట్టారు. రెండోది అమ్మకు.

నవంబరు 17, సోమవారం: కోటిపల్లి, ముక్తేశ్వరం

కార్తీకంలో ఆఖరి సోమవారం. ద్రాక్షారామంలో భీమేశ్వరుడి దర్శనానికి వరస వీధి మలుపు దాటింది. మేము గోపురానికి దణ్ణం పెట్టుకుని, చీకటి ఉండగానే కోటిపల్లి దారి పట్టాం. నేను ఉపవాసం, తమ్ముడు కాదు. దారిలో వాడు ఇడ్లీ తింటుంటే నేను టీతో సరిపెట్టుకున్నాను.

గంగవరం దాటాక ఎదురైన మనిషిని మరచిపోలేను. సైకిలుకు రెండు పక్కలా, వెనకా, కడ్డీ మీదా అరటిగెలలు. సైకిలు కనిపించడం లేదు, గెలలకు రెండు చక్రాలు మొలిచినట్టుంది. ఆయన తొక్కడం లేదు, ఒక చేత్తో హ్యాండిలు, ఇంకో చేత్తో వెనక గెల పట్టుకుని నడిపిస్తున్నాడు. పది గెలలట. లారీ వచ్చినప్పుడల్లా రోడ్డు దిగి గడ్డిలో ఆగాలి. మళ్లీ రోడ్డు ఎక్కించడమే కష్టం అన్నాడు. అమెరికా బాటమీద నేను చూసిన సైకిళ్లకు వెనక ఒక చిన్న సంచి ఉండేది, దాని యజమాని మొహంలో సెలవురోజు ఉండేది. మన బాటకు ముందుగా వచ్చేది ఇలాంటి సైకిలే. వెడల్పు ఎంత ఉండాలో, అంచు ఎంత వాలుగా దిగాలో దీన్ని చూసి కొలవాలి.

కోటిపల్లి రేవులో జనం, దీపాలు, కొబ్బరిచిప్పలు, వేపపుల్లలు, తడిచీరల వాసన. సోమేశ్వరుడి గుడి నుంచి మైకులో నామస్మరణ. రేవు దిగువన గౌతమి ఎంత వెడల్పుగా ఉందంటే అవతలి కొబ్బరిచెట్లు ఒక గీతలాగా ఉన్నాయి. నీళ్లలోంచి కాంక్రీటు స్తంభాలు వరసగా లేచి ఉన్నాయి. కోటిపల్లి నుంచి నరసాపురానికి 57 కిలోమీటర్ల కొత్త మార్గంకోసం వేసినవి. గౌతమి, వైనతేయ, వసిష్ఠ, మూడు పాయలు దాటాలి. మంజూరై పాతికేళ్లయింది.

పాత వంతెనకు దూలాలున్నాయి, దారి లేదు. ఇక్కడ స్తంభాలున్నాయి, దూలాలు లేవు. నాలుగు రోజుల్లో ఈ రెండూ చూశాను. నేను బాటలు కోరుతున్నానని రైలు వద్దంటున్నట్టు కాదు. కోనసీమకు రైలు రావాలి. వచ్చినప్పుడు ఆ వంతెనకు ఒక పక్క మనిషి నడిచే నాలుగడుగుల బల్ల కూడా వేయాలి. ఎందుకంటే రైలు రోజుకు ఎన్నిసార్లు వస్తుందో గానీ, ఏరు దాటించే బల్లకట్టులాంటి పంటు దగ్గర మనుషులు రోజంతా ఉంటారు.

పంటుకు మనిషికి 20, సైకిలుకు 10 రూపాయలు తీసుకున్నారు. మోటారుసైకిళ్లు ముందు, సైకిళ్లు వాటి సందుల్లో, మేక ఒకటి, గడ్డిమోపులు రెండు, బడిపిల్లలు ఆరుగురు, పెళ్లిపిలుపులకు వెళుతున్న దంపతులు. ఎవరు ఎక్కడ నిలబడాలో సరంగు కంటితో చెబుతాడు, నోరు మెదపడు. బరువు ఒక పక్కకు ఒరిగితే గెడ కుర్రవాడు "నాయనమ్మా, కొంచెం ఇటు" అని చేయిపట్టి జరుపుతాడు. మధ్యలో ఇంజను చప్పుడు తగ్గించారు. ఒకావిడ దొప్పలో దీపం వెలిగించుకుని ఎక్కింది. అది నీళ్లలో వదిలేదాకా పంటు నెమ్మదిగా సాగింది. సరంగును ఆపమని ఎవరూ అడగలేదు.

ముక్తేశ్వరంలో తమ్ముడు పొట్టిక్కలు తిన్నాడు. పనసాకు బుట్టల్లో ఇడ్లీపిండి పోసి ఆవిరిమీద ఉడికించినవి. ఆకు విప్పుతుంటే వచ్చిన వాసనకు నా ఉపవాసం కాసేపు ఊగింది. నాలుగు పొట్టిక్కలు 60 రూపాయలు. నాలుగు పొట్లం కట్టించి సాయంత్రం దీపం పెట్టాక తిన్నాను. చల్లారినా ఆకు వాసన పోలేదు.

ఇంటికి వచ్చిన మర్నాడు నందివర్ధనం నాటాం. రెండు ఆకులు పసుపెక్కాయి, వేరు బాగానే ఉంది. జాకెట్టుగుడ్డ చూసి అమ్మ ఎవరిచ్చారో, వాళ్ల నాన్న పేరేమిటో, ఇల్లు చెరువుకు ఏ పక్కో అన్నీ అడిగింది. తరవాత కళ్లద్దాలు పెట్టుకుని తూము ఫోటోను చాలాసేపు చూసింది. వేళ్లతో పెద్దది చేసి, మళ్లీ చిన్నది చేసి చూసింది.

"ఇది కాదు. మా తూముకు రెండు ఖానాలు. దీనికి ఒకటే ఉంది. మీరు ఇంకా ముందుకు వెళ్లి ఉండాల్సింది" అంది.